రాయలింగు చివరి నంబరు

264వ రోజు, మొదటి షిఫ్టు

మూడో పంపు ఇవాళ ఇరవై రెండు నిమిషాలు ఆగిపోయింది. కింది వరుస ఇళ్లలో నీళ్లు చీలమండల దాకా వచ్చాయి. డ్యూటీలో ఉన్నది ఓదెలు. ఈ బాయిలో నాకు పడని మనుషులు చాలామందే ఉన్నారు, వాళ్లలో మొదటివాడు ఓదెలు.

పంపు ప్రోగ్రాం చచ్చిపోతూ చెప్పిన నంబరు చూశాను. సున్నా. మంచి చావు.

ఈ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కితే అర్థం కావాలి కాబట్టి రాస్తున్నాను. నా పేరు గట్టమ్మ. ఏడో బాయిలో, అంటే పైన ఎండకు తాళలేక మేమంతా బతుకుతున్న ఈ బొగ్గు గనిలో, కెర్నెల్ చూసుకునేది నేనే. పంపులు, ఫ్యాన్లు, తలుపులు, దీపాలు నడిపే ప్రోగ్రాములు నూట నలభై ఉన్నాయి. వాటికి వంతులు పంచేదీ, చచ్చినవాటి నంబరు రాసుకునేదీ కెర్నెల్. ప్రతి ప్రోగ్రాం చచ్చేముందు ఒక నంబరు చెప్పి చస్తుంది. సున్నా అంటే పని అయిపోయి ఆగింది, లేదా ఎవరో ఆపితే ఆగింది. వేరే నంబరు ఏదైనా ఉంటే దేనివల్లో దెబ్బ తిని చచ్చిందన్నమాట. దెబ్బ ఏమిటో నంబరే చెబుతుంది. ఒకటి అనే నంబరు మాత్రం కారణం తెలియని చావు. ఆ నంబరును ఎవరో ఒకరు అందుకునేదాకా చచ్చినదాని పేరు పట్టీలో అలాగే ఉంటుంది, కొట్టెయ్యడానికి లేదు.

పంపుకు పని అయిపోవడం అంటూ ఉండదు. బాయిలో ఊట ఎప్పుడు ఆగింది గనక? కాబట్టి సున్నా వచ్చిందంటే ఎవరో ఆపారు.

ఓదెలు నా కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"గట్టక్కా, పంపు దానంతటదే ఆగింది. నేను ముట్టలె."

"సున్నా వచ్చింది. ఎవలో ఒకలు ఆపితేనే సున్నా వస్తది."

"నీళ్ల కొలత తీగ కుళ్లిందని మూడుసార్లు చెప్పిన. ఒక్కసారన్న వచ్చి చూసినవా?"

"తీగ పోతె ఇరవైమూడు వస్తది. సున్నా రాదు. పో, పని చూస్కో."

"నీ సున్నాను నువ్వే నెత్తిన వెట్టుకొని ఊరేగు," అని వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ కుడిచెయ్యి కిటికీ మీద ఆనించాడు. ఆ చేతికి మూడు వేళ్లే. మిగిలిన రెండూ ఎలా పోయాయో నాకు గుర్తు చెయ్యడానికే ప్రతిసారీ అదే చెయ్యి ఆనిస్తాడు.

నా గది గోడకు బోర్డు ఉంది. 'చెడ్డ చావు లేని రోజులు: 264' అని సుద్దముక్కతో నేనే రాస్తాను. మా రోజుల లెక్క కూడా ఇప్పుడు దాన్నిబట్టే. షిఫ్టు దిగేటప్పుడు మనుషులం కూడా ప్రోగ్రాముల్లా ఒక నంబరు రాసి దిగాలని మా పైఅధికారి, ఓవర్‌మన్ నర్సింగం పెట్టిన నియమం. అంతా సవ్యంగా ఉంటే సున్నా. రాస్తాను, నాదేం పోయింది.

ముగింపు: 0

267వ రోజు, మొదటి షిఫ్టు

మళ్లీ ఆగింది. ఈసారి యాభై నిమిషాలు. మోకాళ్ల లోతు నీళ్లు. ముసలి లింగవ్వ మంచం దిగబోయి జారిపడింది, తుంటి విరిగింది. డ్యూటీలో మళ్లీ ఓదెలే. నంబరు మళ్లీ సున్నాయే.

హాజరు వేసే మస్టర్ దగ్గరికి అందరినీ పిలిచారు. నర్సింగం నన్ను నిలబెట్టి అడిగాడు.

"గట్టమ్మా, కెర్నెల్ ఏం రాసింది?"

"సున్నా, సాబ్."

"అంటే?"

"అంటే ఆపిండ్రు."

ఆ రెండు మాటలు చెప్పేటప్పుడు నాకు సంతోషంగానే ఉంది. దాచుకోవడం ఎందుకు? వేళ్లు పోయినప్పటినుంచి వీడి నోటికి జడిసి తల దించుకుని తిరిగాను. ఓదెలు నావైపు చూశాడు.

నష్టపోయిన ఇంటివాళ్ల మాటే చివరి మాట, అది మా బాయి కట్టుబాటు. లింగవ్వ కూతురు ముందుకొచ్చి "పైకి పంపుండ్రి" అంది. 275వ రోజున ముహానం తలుపు, పైకి వెళ్లే తలుపు, తెరుస్తారు, ఆ రోజే పంపాలని తీర్మానం. పైన ఎండలో మనిషి తట్టుకునేది మూడు గంటలు. ఎనిమిదో బాయికి నడక ఆరు గంటలు. లెక్క చిన్నపిల్లలకు కూడా తెలుసు, అందుకే పైకెళ్లినవాళ్ల గురించి ఎవరూ అడగరు.

ఇలా పంపడం ఈ బోర్డు పెట్టాక రెండోసారి. 96వ రోజున ఫ్యాను ఆగి ఎనిమిదో వరుసలో ముగ్గురు ఊపిరాడక చనిపోయారు. అప్పుడు డ్యూటీలో ఉన్నది రాయలింగు. అప్పుడూ సున్నాయే. అప్పుడూ సాక్ష్యం నాదే. రాయలింగు భార్య మధునమ్మ దీపాల గదిలో పనిచేస్తుంది. రోజూ షిఫ్టు ఎక్కేటప్పుడు నా దీపం ఆమె చేతుల మీదుగానే అందుకోవాలి. నూట డెబ్బై రోజులుగా ఇస్తోంది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆపిన మొగుణ్ణి వదిలేసి చెప్పినదాని మీద కోపం ఏమిటో అనుకునేదాన్ని.

ముగింపు: 0

270వ రోజు, మొదటి షిఫ్టు

ఓదెలును పాత మందుగుండు గదిలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి నర్సింగం నడుముకే ఉంది. పంపు దగ్గర పోశంను కూర్చోబెట్టారు. పోశం పిరికివాడు, మీట ముట్టుకోవాలన్నా ఎవరినో ఒకరిని అడుగుతాడు.

ఇవాళ పంపు ఆగింది. సున్నా.

"ఓదెలు ఇంటోల్లు ఎవలో వచ్చి ఆపి ఉంటరు," అన్నాడు నర్సింగం. నేనూ అదే అన్నాను. పోశం మాత్రం ఒకటే మాట: "నా కండ్ల ముందట ఆగిందమ్మా. ఒక్క మనిషి రాలే. నేనైతె చేతులు కట్టుకొని కూసున్న."

నాకు ఒళ్లు మండింది. ఓదెలు నోటితోనే ఒప్పిస్తే గొడవ వదులుతుందని మందుగుండు గదికి వెళ్లాను. తలుపు చువ్వల వెనక గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మీ ఇంట్ల ఎవలతోని ఆపిపిచ్చినవ్?"

నవ్వాడు. "ఇగ నా పెండ్లాం గూడ ఉండాల్నా పైకి పొయ్యేటందుకు?"

"కెర్నెల్ అబద్ధం చెప్పదు ఓదెలూ."

"ఒక్కటి అడుగుత. గా బోర్డు వెట్టినప్పటి సంది నీ కెర్నెల్ సున్నా గాకుంట ఇంకో నంబరు ఎన్నడన్న చెప్పిందా?"

"చెప్పలె. మంచిగ నడుస్తున్నది కాబట్టి చెప్పలె."

"నూట నలభై ఉన్నయి. తీగలు కుళ్లుతున్నయి, రేకులు తుప్పు వడుతున్నయి, మనుషులకే దగ్గు ఆగుతలేదు. నీ ప్రోగ్రాములకు మాత్రం జలుబు గూడ చెయ్యదాయె. నీకు ఎన్నడు అనుమానం రాలేదా, గట్టక్కా?"

గట్టిగా తిట్టి వచ్చేశాను. ఏం తిట్టానో రాయను. దారంతా ఆ మాటే చెవిలో పడి ఉంది.

ముగింపు: 0

271వ రోజు, మొదటి షిఫ్టు

పొద్దున దీపం తీసుకుని సరాసరి గదికి వచ్చాను. వాడి నోరు మూయించడానికే ఈ పని చేశాను, నిజం తేల్చడానికి కాదు. అది కూడా రాసి పెట్టుకుంటున్నాను.

నాలుగు పంక్తుల చిన్న ప్రోగ్రాం రాశాను. అది చేసే పని ఏమీ లేదు. పుట్టగానే ఏడు అని చెప్పి చావాలి. పుట్టింది, చచ్చింది. నంబరు అందుకున్నాను.

సున్నా.

తప్పు రాశానేమో అని మళ్లీ రాశాను. నలభై ఒకటి అని చెప్పి చావమన్నాను. సున్నా. ఇరవై మూడు. సున్నా. రెండు వందలు. సున్నా. 

తర్వాత కెర్నెల్లో నేను రాసిన భాగమే తెరిచి చదివాను. చదవడానికి ఎంతోసేపు పట్టలేదు. తప్పు ఉన్నది రెండు పంక్తుల్లో.

కెర్నెల్‌లో అంకెలు పెట్టుకోవడానికి ఎనిమిది గూళ్లు ఉంటాయి. రిజిస్టర్లంటాం. గూళ్లు ఎనిమిదే, వాడుకునేవి నూట నలభై. అందుకని ఒకదాని వంతు అయిపోగానే దాని అంకెల్ని దాని పేజీలో రాసి దాచి, గూళ్లు ఇంకోదానికి ఇస్తాం. చచ్చేది తన చివరి నంబరును మొదటి గూట్లో పెట్టి చస్తుంది. దాన్ని కూడా పేజీలోకి రాస్తే, నంబరు అందుకునేవాళ్లు అక్కడినుంచి చదువుకుంటారు.

ఈ బోర్డు పెట్టకముందు ఒక ఘోరం జరిగింది. చచ్చిన దీపం ప్రోగ్రాం అంకెలు గూళ్లలోనే మిగిలిపోతే, అప్పుడే పుట్టిన తలుపు ప్రోగ్రాం వాటిని తనవే అనుకుంది. తలుపు పడింది. కింద ఓదెలు చెయ్యి ఉంది. ఇక నుంచి ప్రోగ్రాం చావగానే గూళ్లన్నీ కడిగి సున్నాలు పెట్టాలని మస్టర్‌లో నిర్ణయం అయింది. ఎలా చేస్తావో అందరి ముందూ చదివి వినిపించమన్నారు. చదివాను. "ముందు రాసి, తర్వాత కడుగుతాను" అని.

నర్సింగం ఆపాడు. "గదేంది? మనం ముందు కడిగి గదా రాసేది?"

బాయిలో మనిషి పోతే శవం బొగ్గుతో నల్లగా వస్తుంది. అందరిదీ ఒకటే ముఖం. ముందు నీళ్లు పోసి ముఖం కడుగుతాం, ఎవరో గుర్తుపడతాం, అప్పుడు పేరు మస్టర్‌లో రాస్తాం. కడగకుండా రాసి ఒకసారి ఒకరి పేరుకు ఇంకొకరి పేరు రాశారు కూడా. బతికున్నవాడికి కర్మ చేశారు. అప్పటినుంచి ముందు స్నానం, తర్వాత రాత. మస్టర్ మస్టరంతా "అవును, ముందు కడగాలె" అంది. ఓదెలు అందరికంటే గట్టిగా అరిచాడు.

ఆ రోజు నాకు వాళ్ల మీద ఎంత కోపమంటే, విడమరిచి చెప్పబుద్ధి కాలేదు. వీళ్లతో వాదన ఎందుకు, ముందు వెనకలైతే కొంప మునుగుతుందా అనుకుని, ఆ రెండు పంక్తులూ అటుదిటు చేసి పారేశాను. ఒక్కసారి కూడా పరీక్షించి చూడలేదు.

మనిషిని కడిగితే ముఖం బయటపడుతుంది. ప్రోగ్రాంను కడిగితే ముఖమే పోతుంది. ఇది తెలిసింది బాయి మొత్తంలో నాకొక్కదానికే. తెలిసీ రాశాను.

రెండు వందల డెబ్బై ఒక్క రోజులుగా ఏది ఎలా చచ్చినా సున్నా అనే రాసుకున్నాను. ఇవాళ ముగింపు నంబరు రాయడం లేదు.

272వ రోజు, మొదటి షిఫ్టు

పంక్తులు మార్చాను. ముందు రాత, తర్వాత స్నానం. చిన్న ప్రోగ్రాంను ఏడు అని చెప్పి చావమన్నాను. ఏడు వచ్చింది. ఏడ్చాను.

షిఫ్టు సగంలో పంపు చచ్చింది. నంబరు ఇరవై మూడు. నీళ్ల కొలత అందలేదు. తీగ వెంబడి వెళ్లి చూస్తే తొడుగు లోపల పచ్చగా చిలుం పట్టి, రెండు చోట్ల పొడిపొడిగా ఉంది. పది నిమిషాల్లో కొత్త తీగ వేశాను. పోశం దీపం పట్టుకున్నాడు. ఓదెలు మూడుసార్లు చెప్పిన తీగ ఇదే, నేను మూడుసార్లు తిట్టి పంపినదీ ఈ పది నిమిషాల పనికే.

నర్సింగం దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాను. తలుపు వేసి వచ్చి కూర్చున్నాడు.

"ఎవలకన్న చెప్పినవా?"

"చెప్పలె."

"చెప్పకు. తీగ వేసినవ్, కెర్నెల్ సరి చేసినవ్, అయిపాయె. ఓదెలును మాఫ్ చేసి ఇడిసిపెడుదం. లింగవ్వ బిడ్డను నేను ఒప్పిస్త."

"రాయలింగు?"

"రాయలింగు పోయిండు గదా." గొంతు తగ్గించాడు. "నువ్వు చెప్పినంత మాత్రాన వస్తడా? జనానికి కెర్నెల్ మీద నమ్మకం పోతె రేపు తలుపు ముయ్యమన్న ముయ్యరు, ఫ్యాను కింద పండుకోరు. ముందు కడుగుమన్నది నేను. ఎనుకముందు చేసింది నువ్వు. ఇద్దరం పైకి వోదమా?"

భయం వేసింది. ఎండలో నేను గంట కూడా నడవలేను, నా మోకాళ్ల సంగతి నాకు తెలుసు. సరే అన్నాను. సరే అనే అన్నాను.

ముగింపు: 0

(పై సున్నా అబద్ధం. కొట్టెయ్యను, ఉండనీ.)

273వ రోజు, మొదటి షిఫ్టు

ఓదెలును వదిలేశారు. ఇంటికి వెళ్లకుండా నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్లు లోపలికి పోయాయి.

"నన్ను మాఫ్ చేసిండ్రట."

"మంచిదే గదా. ఇంటికి పో."

"తప్పు చేసినోన్ని మాఫ్ చేస్తరు. నేనేం చేసిన?"

నేను పట్టీ వైపు తల తిప్పాను.

"పోశం చెప్పిండు. తీగ మార్చినవట. పంపుకు ఇరవైమూడు వచ్చిందట. మొన్నటిదాక రాని ఇరవైమూడు నిన్న ఎట్ల వచ్చింది?" మూడు వేళ్ల చెయ్యి కిటికీ మీద ఆనించాడు. "నీ ముఖం చూస్తె తెలుస్తున్నది గట్టమ్మా. నాకు నువ్వు చెప్పకున్న సరే. గా దీపాల గదిల ఒకామె ఉన్నది. రోజు నీకు దీపం ఇస్తది. ఆమె మొగడు ముహానం కాడ నీ పేరు వెట్టి పిలిచిండు, యాదికున్నదా? 'గట్టక్కా, నేను ఆపలె, ఇంకోపారి చూడు' అన్నడు. నువ్వు ఏమన్నవ్?"

గుర్తుంది. "సున్నా రాయలింగూ, ఇంకోసారి చూసినా సున్నాయే" అన్నాను. ఆ మాట నిజమే. వెయ్యిసార్లు చూసినా సున్నాయే వచ్చేది.

"రేపు మస్టర్‌ల చెప్తవా, నన్ను చెప్పుమంటవా?" అన్నాడు.

"నేనే చెప్త. నువ్వు నోరు ముయ్యి," అన్నాను. వాడి ముందు ఏడవడం ఇష్టం లేక కిటికీ తలుపు మూశాను.

ముగింపు నంబరు రాయలేదు.

274వ రోజు, మొదటి షిఫ్టు

చెప్పాను. బోర్డును గోడ మీదినుంచి తీసుకెళ్లి మస్టర్ మధ్యలో పెట్టి, దాని పక్కన నిలబడి చెప్పాను. ఏడు అని చెప్పి చచ్చినది సున్నాగా ఎలా మారిందో, ఏ రెండు పంక్తులో, రాసింది ఎవరో, ఎందుకు అంత విసురుగా రాశానో. నర్సింగం నేల చూస్తూ నిలబడ్డాడు. అతను కడగమన్న మాట కూడా చెప్పాను. అతను దాచమన్నదీ, నేను సరేనన్నదీ కూడా చెప్పాను.

తర్వాత "పైకి పంపుండ్రి" అని వెనకనుంచి ఎవరో అన్నారు. ఒకటి పది అయింది. లింగవ్వ కూతురు నా మీద ఉమ్మింది. ఓదెలు మాత్రం అరవలేదు, నన్ను కాయనూ లేదు. గోడకు ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు.

"నష్టపోయినోల్లు చెప్పాలె," అన్నారు ఎవరో. జనం పక్కకు తప్పుకుంటే మధునమ్మ వచ్చింది. చేతిలో ఇంకా దీపం తుడిచే గుడ్డ ఉంది. నూట డెబ్బై ఎనిమిది రోజుల తర్వాత నాతో మొదటి మాట మాట్లాడింది.

"మా ఆయన ఫ్యాను. అప్పుడు ఏ నంబరు వచ్చింది?"

"సున్నా రాసుకున్న, మధునమ్మా."

"నువ్వు రాసుకున్నది గాదు. అసలుది. అది సచ్చేటప్పుడు చెప్పింది."

అందరూ నావైపే చూస్తున్నారు.

"తెల్వదు," అన్నాను. "పేజీల పడకముందే కడిగేసిన. కడిగినంక ఏడ ఉండదు."

ఆమె చేతిలోని గుడ్డను మడత పెట్టింది. పంపండి అంటుందని అనుకున్నాను. నిజం చెప్పాలంటే, అంటే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఈమెను పైకి పంపద్దు," అంది మధునమ్మ. "పోతె మూడు గంటలల్ల అయిపోతది. ఈడనే ఉండాలె. మా ఆయన పేరు గా పట్టీల పెట్టాలె. నంబరు ఎతుకాలె. నేను రోజు వచ్చి అడుగుత. దొరికిన్నాడు పేరు కొట్టేసి అప్పుడు ఏడికన్న పొమ్మనుండ్రి."

కట్టుబాటు ప్రకారం ఆమె మాటే చివరి మాట. ఓవర్‌మన్ పని నర్సింగం దగ్గరినుంచి తీసేసుకున్నారు. బోర్డును ఓదెలు తడిగుడ్డతో తుడిచేశాడు.

"నిన్ను మాఫ్ చేసిన్ననుకునేవు," అన్నాడు పోతూ పోతూ. "చెయ్యలె."

"నేనడగలె," అన్నాను.

ముగింపు: 1

331వ రోజు, మొదటి షిఫ్టు

బోర్డు లేదు గానీ రోజుల లెక్క పాతదే సాగిస్తున్నాను. ఇప్పుడు రోజూ నంబర్లు వస్తున్నాయి. ఇరవై మూళ్లు, తొమ్మిదులు, పదకొండులు. తీగలు మారుస్తున్నాం, రేకులు మారుస్తున్నాం. పంపు ఆగలేదు. ఎనిమిదో వరుస ఫ్యానుకు ఈ నెలలో రెండుసార్లు పదకొండు వచ్చింది, అంటే బేరింగు వేడెక్కింది. రాయలింగు రోజున వచ్చింది కూడా అదే అయి ఉండవచ్చు. అయి ఉండవచ్చు అనేది నంబరు కాదు. ఆమె ఒప్పుకోదు, నేనూ రాయను.

పాత పేజీలు ఒక్కొక్కటే తెరుస్తున్నాను. 96వ రోజు పేజీ నాలుగుసార్లు చూశాను. ఎనిమిది గూళ్లు, ఎనిమిది సున్నాలు. దొరకదని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు.

పట్టీలో నూట నలభై ప్రోగ్రాముల కింద నూట నలభై ఒకటో పేరు రాయలింగుది. పక్కన గడి ఖాళీగా ఉంది.

ఇవాళ కూడా మధునమ్మ దీపం వెలిగించి, గాజు తుడిచి నా చేతికి ఇచ్చింది. ఇచ్చి, వదలకుండా పట్టుకుంది.

"దొరికిందా?"

"దొరకలె, మధునమ్మా."

దీపం వదిలింది.

ముగింపు: 1